డెబ్బై రెండు

ఆ రోజుల్లో అనగానే మీరు ఏ లాంతర్ల కాలమో అనుకుంటారు గానీ, ఇది నాలుగేళ్ల కిందటి మాటే. బాపట్లలో కాలేజీ ల్యాబ్ నుంచి రిటైరయ్యాక, తెనాలిలో మీ పిన్ని (మా చెల్లెలి కూతురు) నడిపే బ్యాటరీల షెడ్డులో చేరాను. వయసులో అందరికన్నా పెద్దదాన్ని, ఉద్యోగంలో అందరికన్నా చిన్నదాన్ని. కొత్తగా పనిలో చేరిన మనిషికి జుట్టు ఎంత నెరిసినా బుద్ధి మాత్రం ఇరవయ్యేళ్లదేనర్రా. తెలియనిది అడగదు, తెలిసింది దాచుకోదు.

నా మొదటి పని మా తమ్ముడి పడవ. అదే, మీ అడవులదీవి తాతయ్యది. ఇంజను తీసేసి బ్యాటరీ మోటారు పెట్టించుకున్నాడు. బ్యాటరీ మీద ఒక చిన్న బోర్డు కూర్చుని లోపల ఛార్జి ఎంతుందో కనిపెడుతూ ఉంటుంది. చుక్కాని దగ్గర మేం పెట్టే మైక్రోకంట్రోలర్ అనే బుల్లి కంప్యూటరు దాన్ని అడిగి తెలుసుకుని, తెర మీద అంకె చూపాలి. ఆ రెండూ ఏ దారిన మాట్లాడుకోవాలో తేల్చడం నా వంతు. ఒకటి ఐటూసీ, పక్కపక్కన కూర్చున్నవాళ్లు గుసగుసలాడుకోవడం లాంటిది. రెండోది ఆరెస్ 485, దూరం నుంచి, గోలలో కూడా వినపడేది.

"పెద్దమ్మా, మధ్యలో నాలుగు మీటర్లుంది, పక్కనే మోటారుంది. అంకె తప్పు చూపిస్తే మావయ్య ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆగిపోతాడు. ఆటుకి నీళ్లు తీసే వేళైతే పడవని సముద్రంలోకి లాక్కుపోద్ది. చూసుకుని ఎంచు" అంది మీ పిన్ని.

"ఇన్నేళ్లు పిల్లలకి చెప్పిందేగా, నాకు తెలుసులే" అని ఐటూసీ ఎంచాను. (రెండోది నాకు సరిగ్గా రాదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.) బల్ల మీద గంటలో పనిచేసింది. పడవలో వైర్లని మోటారు కేబులుకి ఆనించి, మూరకో ముడి వేసి, పూలదండంత ముచ్చటగా కట్టాను.

మర్నాడు పొద్దున్నే రేపల్లె మీదుగా వెళ్లి పడవెక్కాను. తెర మీద డెబ్బై రెండు శాతం. తమ్ముడు మోటారు వేశాడు. మడచెట్లు దాటాం. డెబ్బై రెండు. నేను కాళ్లు చాపుకుని కూర్చున్నాను. మొగ కనపడుతోంది, నీళ్లు సముద్రం వైపు జోరుగా తీస్తున్నాయి.

"అక్కా, నీ బ్యాటరీ మహా పొదుపరి. బయల్దేరినప్పుడూ డెబ్బై రెండే, ఇప్పుడూ డెబ్బై రెండే" అన్నాడు తమ్ముడు.

చాపిన కాళ్లు ముడుచుకున్నాను. మోటారు కేబులు పక్క తీగల్లోకి చిమ్మే కరెంటు గోలకి బోర్డు మాట ఎప్పుడో ఆగిపోయింది. జవాబు రాకపోతే పాత అంకెనే చూపిస్తూ ఉండమని ప్రోగ్రాం రాసింది నేనే. (ఖాళీ తెర బాగుండదని.)

"వెనక్కి తిప్పుదాంరా, ఎండగా ఉంది" అన్నాను.

"మబ్బు పట్టి ఉంటే ఎండేంటక్కా?"

"ఎంత మిగిలిందో నాకు తెలియదురా." నా గొంతు నాకే వినపడలేదు. వాడికి మాత్రం వినపడింది. వెంటనే పడవ తిప్పాడు. ఎదురునీటిలో మోటారు మూలుగుతోంది. నేను చెక్క అంచు పట్టుకుని, ఆ అబద్ధపు అంకె వైపు చూడకుండా ఒడ్డునే చూస్తున్నాను. ఇంకో రెండు కేకల దూరం ఉందనగా మోటారు ఆగిపోయింది. పడవ మెల్లగా వెనక్కి జరగడం మొదలెట్టింది. తమ్ముడు వల కింద నుంచి పొడవాటి వెదురు గెడ లాగి, అడుగున గుచ్చి నిలబెట్టాడు.

"ఇదెక్కడిదిరా?"

"నువ్వు చేశావన్నారుగా, అందుకే వేసుకొచ్చా."

గెడ వేస్తూ వేస్తూ అన్నాడు: "మంచులో పక్క పడవని కేకేస్తాం. తిరిగి కేక రాకపోతే, ఇందాక పలికాడుగా అని ఊరుకుంటామా అక్కా?"

తెనాలి వెళ్లాక మీ పిన్ని దగ్గర కూర్చుని ఆరెస్ 485 నేర్చుకున్నాను. రెండు తీగల్నీ కలిపి, చిన్నప్పుడు నాన్న వలకి నూలు పేనినట్టు తొడ మీద పేనాను. గోల రెంటి మీదా ఒకేలా పడుతుంది, వాటి మధ్య తేడా మాత్రం చెడదు, మాట వెళ్లేది ఆ తేడాలోనే. మోటారుకి దూరంగా వేరే వైపు నుంచి లాగాను. జవాబు రాకపోతే అంకె పోయి గీతలు పడేలా, కుయ్యిమనేలా ప్రోగ్రాం మార్చాను.

"ఇప్పుడు నమ్మొచ్చా?" అన్నాడు తమ్ముడు.

"గెడ వేసుకెళ్లు" అన్నాను.

మీరు రెండు రోజులు పలక్కపోతే మూడో రోజు నేను ఫోన్ చేసేది అందుకే, విసుక్కోకండి. ఆ పడవలో కాళ్లు చాపుకుని కూర్చున్న కొత్త ఉద్యోగిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాస్త అసూయా వేస్తుంది. మడచెట్ల నుంచి మొగ దాకా, ఎంత నిశ్చింతగా కూర్చుందో మహాతల్లి.