గోడ అంచుకు జానెడు కింద

చచ్చు బంతికి ఔటైతే తప్పు కొట్టినవాడిదా, వేసినవాడిదా? ఇన్నేళ్లు ఆలోచించినా తేలని సంగతి ఇది.

లెస్టర్ హోల్మ్‌గ్రెన్‌ది బేస్‌బాల్ బ్యాటర్లకు బంతులు అందించే పని. పెద్ద జట్లలో అతనికి చోటు దొరకలేదు. పంతొమ్మిది వందల అరవైలో లాస్ ఏంజిలిస్‌లో టీవీవాళ్లు జనం లేని మైదానంలో హోమ్ రన్ల పోటీ తీస్తుంటే, ఇద్దరు బ్యాటర్లకూ నడుమెత్తున, ఒకే వేగంతో విసిరేవాడు. బంతి గోడ దాటితే పరుగు, లేకపోతే ఔట్. ఒకనాటి ఆఖరి బంతిని డ్యూయీ మాట్‌లాక్ బలంగానే బాదాడు. అది గోడ అంచుకు జానెడు కింద తగిలింది. డ్యూయీ ఓడిపోయాడు. భుజం పీకేస్తూ ఆ బంతి చేతిలోంచి నీరసంగా జారిందని లెస్టర్‌కొక్కడికే తెలుసు. వేగం లేని బంతి ఎంత బాదినా దూరం పోదు. నొప్పి అన్నాడంటే మర్నాడు ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. అందుకే నోరు మెదపలేదు.

ఇరవై తొమ్మిదేళ్లకి ఒక కేబుల్ ఛానల్ ఆ పోటీలన్నీ మళ్లీ వేసింది. లెస్టర్ ఊరు కింగ్స్‌బర్గ్‌లో మంగలి షాపులో, కౌంటీ మొత్తం మీద వేసిన బంతులకు ఇన్ని దెబ్బలు తిన్నవాడు లేడని లెస్టర్‌ని ఆటపట్టించారు. అతను నవ్వలేదు. డ్యూయీ ఓడిన ఆ ఆటని వీడియో క్యాసెట్ మీదకి ఎక్కించుకున్నాడు. పాత గాయం కెలకొద్దని భార్య ఎంత చెప్పినా వినకుండా డ్యూయీ ఉండే బేకర్స్‌ఫీల్డ్‌కి కారు తీశాడు.

తలుపు తీసిన డ్యూయీ ఎగాదిగా చూశాడు. "ఏమయ్యా లెస్టర్, టీవీలో నీ వీపే చూసి చూసి మొహం ఉందన్న సంగతే మర్చిపోయా."

ఇద్దరూ కాఫీ కప్పులతో కూర్చుని ఆ బంతిని మూడుసార్లు చూశారు. అప్పుడు లెస్టర్ భుజం సంగతి దాచకుండా చెప్పేశాడు.

డ్యూయీ కప్పు కింద పెట్టాడు.

"ఇన్నేళ్లూ కొట్టేటప్పుడు నా మోచెయ్యి లేచిందనే నన్ను నేను తిట్టుకున్నానయ్యా. ఇప్పుడొచ్చి నీ భుజం అంటే నేనెక్కడికి పోను?"

"ఎక్కడికైనా పో. బంతి మాత్రం చచ్చుదే."

డ్యూయీ లేచి క్యాసెట్ వెనక్కి తిప్పి, టీవీ ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. తెర మీద వేలు పెట్టి, ఇదిగో, లేచింది చూడమన్నాడు. లెస్టర్ వంగి చూశాడు. అతనికేం కనబడలేదు. కనబడిందని ఒక్క అబద్ధమాడితే సరిపోయేది. ఆడలేదు.

డ్యూయీ మళ్లీ వెనక్కి తిప్పాడు. మళ్లీ. లెస్టర్ చల్లారిన కాఫీ బల్ల మీద పెట్టి, టోపీ అందుకుని, జాలీ తలుపు చప్పుడు కాకుండా వేసి కారెక్కాడు.