మొప్పల్లో పురుగు

ఆ రోజుల్లో, దేశం కాని దేశంలో కూడా, మా కాలేజీలో ఏ మూల విన్నా తెలుగే. దాదాపు అందరూ కంప్యూటర్ల వాళ్ళే. చేపల రోగాలు చదవడానికి వచ్చినదాన్ని నేనొక్కతెనే. "ఇంతదూరం వచ్చి చేపలేంటే తల్లీ!" అని రూమ్మేట్లు ఆటపట్టించేవాళ్ళు. వారాంతాల్లో పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో ఓ గోడౌన్‌లో పెట్టెలు మోసి, సోమవారం మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే కళ్ళు వాటంతటవే మూతపడేవి.

ఊరి బయట షెడ్డులో తిలాపియా చేపలు పెంచే తెలుగు అంకుల్ ఒకాయన ఉండేవారు. రిటైరైన ఇంజనీరు. దాచుకున్నదంతా ఆ తొట్లలో పోసి, బతికున్న చేపల్ని మార్కమ్ అనే ఊళ్ళో దుకాణాలకు వేసేవారు. చేపలు పైకి తేలి, నోళ్ళు తెరిచి చచ్చిపోతున్నాయని ఆయన ఫోన్ చేస్తే మా ప్రొఫెసర్ నన్ను పంపారు. మొప్పలు కోసి మైక్రోస్కోప్‌లో చూస్తే, కంటికి ఆనని పురుగులు కొక్కేలు దిగేసి వేలాడుతున్నాయి. ఉప్పునీళ్ళకూ లొంగలేదు, వెటర్నరీ డాక్టరు ఇచ్చిన మందుకూ లొంగలేదు.

పురుగేదో తెలిస్తే మందు తెలుస్తుందని ఆయన ఆశ. వెళ్ళినప్పుడల్లా ఆంటీ అన్నం పెట్టేవారు, ఆయన మాత్రం "ఏమైనా తేలిందా అమ్మా?" అనేవారు. ఆ కొక్కేల ఆకారాన్ని బట్టే పురుగు జాతి చెప్పాలి. గీసిన బొమ్మలే మళ్ళీ మళ్ళీ గీసి విసిగిపోయాను. పుస్తకాల్లో దేనితోనూ పోలిక కుదరలేదు. చివరికి డీఎన్ఏ కూడా అదే చెప్పింది, ఇది కొత్త జాతి అని. ల్యాబులో కేకు కోశారు. ఆ పురుగుకు అంకుల్ పేరు పెడితే గౌరవంగా ఉంటుందన్నారు ప్రొఫెసర్. అడిగి రమ్మని నన్నే పంపారు. నాకు ఒళ్ళు మండింది.

నేను వెళ్ళేసరికి సగం తొట్లు ఖాళీ.

"కొత్తదా? మరి మందు?" అన్నారు అంకుల్.

"ఇలాంటిదొకటి ఉందని ఇప్పుడే కదా అంకుల్ తెలిసింది. దీనికేది పనిచేస్తుందో ఇంకా ఎవరూ ట్రై చెయ్యలేదు."

పేరు సంగతి ఎత్తగానే ఆంటీకి కోపమొచ్చింది. "మనవడికి పెట్టుకునే పేరు పురుగుకా? చాల్లే!"

"పెట్టుకోనీవే, చేపలెలాగూ దక్కలేదు," అన్నారాయన. నా వైపు తిరిగి, "కానీ అమ్మా, దాన్ని చంపే మందు దొరికిన రోజు నాకు ఫోన్ చెయ్యి. అప్పటికి షెడ్డు అమ్మేసినా సరే," అన్నారు.

షెడ్డు అమ్మేశారు. పురుగు ఆయన పేరుతో అచ్చయింది. ఆ ఫోన్ నేనింకా చెయ్యలేదు.