బాషా చేనుకు నేను పెట్టిన నీళ్లు

ఆరేళ్లుగా ఒక మాట నాలో బండలా పడి ఉంది. మోస్తున్నానని కూడా చాలా రోజులు గుర్తుండదు. బోరు మోటారు వేయడానికి పోయినప్పుడు మాత్రం గుర్తొస్తుంది. మీరు నన్ను ఎరుగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది పెనుకొండ దగ్గర ఒక పల్లె. నాకూ పక్క చేను బాషాకూ ఒకటే బోరు. మా నాయనలు పొత్తులో వేయించినది. ఒక రోజు నీళ్లు నావి, మరుసటి రోజు అతనివి. ఒకరు ఊరికి పోతే రెండోవారు ఇద్దరి చేలూ చూడాలి. మాటిచ్చి తప్పిన రోజు లేదు, అప్పటివరకు.

నాకు జరిగిన అవమానాలు నేను మరిచిపోను. ఎవరి పెళ్లిలో నన్ను రెండో బంతికి కూర్చోబెట్టారో, ఏ ఆఫీసులో నా అర్జీ చదవకుండా పక్కన పడేశారో ఇప్పటికీ చెప్పగలను. లావెండర్ విషయంలోనూ అంతే. వేరుశనగ వేసి వేసి విసిగిపోయిన మా ఊరికి ఒక సంస్థ వాళ్లు వచ్చారు. లావెండర్ అని ఒక సువాసన మొక్క ఉంది, దీని పూల నుంచి నూనె తీస్తారు, ముందు ఒకరి చేనులో అరెకరం వేసి చూద్దాం, నిలిస్తే ఊరందరికీ మొక్కలిస్తాం అన్నారు. ఇరవై ఇళ్లవాళ్లు పేర్లు రాయించారు. మొదటి చేను నాదే కావాలని నేను అర్జీ పట్టుకెళ్లాను.

"ఈయప్ప చేను వద్దు సార్" అన్నాడు బాషా అందరి ముందు. "మొక్క మొలిస్తే ఎందుకు మొల్చిందని మీ మీదే అర్జీ పెడ్తాడు."

అందరూ నవ్వారు. సంస్థ సారు కూడా నవ్వాడు. చేను బాషాదే అయింది.

తమాషాకే అన్నాడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా ఆ నవ్వును నెలల తరబడి ఎందుకు దాచుకున్నాను?

మొక్కలు నాటిన కొన్ని నెలలకు, కూతురి కాన్పుకని బాషా హిందూపురం ఆస్పత్రికి పోతూ నా దగ్గరికి వచ్చాడు.

"ఐదు దినాలు ఆడే ఉండాల. చేను నువ్వే చూసుకోవాలప్పా."

"అట్లే పో."

"నీళ్లు మాత్రం వద్దబ్బా. ఈ చెట్టుకు నీళ్లు ఎక్కువైతే వేరు కుళ్లుతుందంట."

"వాడిపోతే?"

"వాడినా ఊరుకో. అర్జీ మాత్రం పెట్టాకు" అని నవ్వి బస్సెక్కాడు.

ఆ ఐదు రోజులూ పొద్దున్నే కరెంటు రాగానే వాల్వు అతని చేను వైపు తిప్పాను. నా వంతు రోజున కూడా. నీళ్లు సాళ్లలో నిలిచాయి. కోపం కూడా లేదు. గట్టు మీద కూర్చుని చూశాను, అంతే.

మనవరాలు పుట్టిందని బాషా మిఠాయి పొట్లంతో వచ్చాడు. మొదళ్లు నల్లబడిన మొక్కలను చూశాడు. వంగి బురద తాకాడు.

"వాడిపోతాంటే చూడలేక నీ వంతు నీళ్లు కూడా పెట్టినావా అప్పా?"

నేను తల ఊపాను. మా సీమలో పక్క చేనుకు నీళ్లు వదిలినవాడిని ఎవరూ అనుమానించరు. సంస్థ వాళ్లు వచ్చి అడిగితే, నా మీదికి మాట రాకూడదని బాషానే ముందుకు వచ్చి, "నేనే పెట్టినా సార్, తెలీక" అన్నాడు. చెప్పినట్టు చేయని రైతని వాళ్లు రాసుకుపోయారు. మళ్లీ రాలేదు. ఊరికి మొక్కలూ రాలేదు. ఆ ఇరవై ఇళ్లవాళ్లు కొన్నాళ్లు బాషాను సూటిపోటి మాటలన్నారు. నేను వింటూ కూర్చున్నాను. చేను బీడు పెట్టి అతను ధర్మవరం పోయాడు. అక్కడ పట్టుకు రంగులు అద్దే పనిలో ఉన్నాడట.

ఇప్పుడు బోరు రోజూ నాదే.

మా ఎండలకు అవి ఎలాగూ చచ్చేవేమో. ఈ మాట పట్టుకుని చాలా కాలం నెట్టుకొచ్చాను. కానీ బతికేవో చచ్చేవో తెలుసుకునే దారిని మూసింది నేనే కదా?

బాషా ఇది చదవడు. ఎదుట నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. క్షమించమని మిమ్మల్నీ అడగను. రాశాక ఛాతీలో కొంచెం ఖాళీ అయినట్టుంది, అది చాలు. అతను ఇప్పటికీ నమ్ముతున్న ఒక్క మాట మాత్రం సరిచేయాలి.

ఆనాడు ఆ మొక్కలు వాడిపోలేదు. పచ్చగా నిలబడి ఉన్నాయి. మొదటి మొగ్గలు కూడా వేశాయి. అది చూసే నేను వాల్వు తిప్పాను.