పాత రేవు మీదుగా

మా మావయ్యకు ఒకటే జబ్బు. పటంలో పక్కపక్కన కనిపించిన ఏ రెండు దేశాలకైనా తగువు పెట్టేస్తాడు.

ఆయన సరుకు రవాణా కంపెనీలో గుమాస్తా. ఏ కంటెయినర్ ఏ దారిన వెళ్లాలో రాయడం ఆయన పని. నాది పక్క బల్ల. అబద్ధమాడని మనిషినని ఆఫీసులో నాకు పేరు.

అప్పట్లో కొత్త రవాణా కారిడార్ తెరిచారు. కొంత దూరం ఓడ, మూడు దేశాల మీదుగా రైలు, మళ్లీ ఓడ. పన్నెండు రోజులు కలిసొస్తాయి, కిరాయీ తక్కువే. అందరూ ఆ దారే పట్టారు. మావయ్య మాత్రం వారానికి ఒక్క కంటెయినరైనా పాత రేవు నుంచి చుట్టూ తిప్పి పంపేవాడు.

"ఎందుకండీ ఇలా?" అని మేనేజరు నెత్తి కొట్టుకునేవాడు.

"ఆ దేశాలకి పడటం లేదండి. పేపరు ఫొటోలో వాళ్ల మంత్రిగారి నవ్వు చూశారా? పళ్లు కనిపించలేదు."

పై వారం కొత్త కారణం. "నదీజలాల గొడవండి."

"అక్కడ నదే లేదు కదండీ!"

"అదేనండి గొడవ."

"ఈయన చెప్పినవన్నీ జరిగుంటే ఈపాటికి ఒక్క దేశమూ మిగిలేది కాదు" అనేది అత్తయ్య. రెండేళ్లయినా ఆ దేశాలు పాలూ నీళ్లలా కలిసే ఉన్నాయి. రైళ్లు వేళ తప్పలేదు.

చివరికి మేనేజరుకు ఒళ్లు మండింది. "ఇంకొక్కటి అటు వెళ్లిందంటే మీ కుర్చీ ఉండదు."

మావయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు. "తీసేయండి. నిలబడి రాస్తాను" అని, ఆయన చూస్తుండగానే ఆ వారం కంటెయినర్ కూడా పాత రేవుకే రాశాడు.

అక్కడ అంత ఏముందో తేల్చుకుందామని ఆ కాగితాలు నేనే పట్టుకెళ్లాను. రేవులో మిగిలింది ఒకే క్రేన్, పద్నాలుగు మంది పనివాళ్లు. మావయ్య మేనకోడలినని చెప్పగానే క్రేన్ నడిపే ఆవిడ పరుగున వచ్చింది.

"ఈ వారం కంటెయినర్ వచ్చిందా! ఒక్క వారం ఖాళీగా పోయినా రేవుకి తాళం వేసేస్తారమ్మా. రెండేళ్లుగా మీ మావయ్యగారే మమ్మల్ని నిలబెట్టారు."

"దేశాలకి చెడుతుందని కదా పంపేది?"

"దేశాలా? ఆయన పంపేది టైల్సమ్మా. తొందర లేని సరుకు ఏరి మరీ పంపిస్తారు."

తిరిగొచ్చేసరికి మేనేజరు నా బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. "నువ్వైనా నిజం చెప్పమ్మా. ఆ దేశాల మధ్య ఏమైనా ఉందా?"

మావయ్య తలెత్తలేదు, కానీ ఆయన కలం ఆగిపోయింది. ఆ మొండి మనిషి మీద నాకు అంత ప్రేమ ఎన్నడూ రాలేదు.

"ఉందండి" అన్నాను. "మొన్న ఆ దేశాల మంత్రుల విందులో ఒకాయన రెండోసారి వడ్డించుకోలేదట."

మేనేజరు గోడ మీది పటాన్ని అనుమానంగా చూశాడు. "అయితే వారానికి రెండు పంపండి" అని గదిలోకి వెళ్లిపోయాడు.

మావయ్య నా వైపు వంగాడు.

"వడ్డించుకోలేదా! రెండేళ్లలో నాకిది తట్టలేదే!" అన్నాడు కుళ్లుకుంటూ.