నీళ్ళు తేటపడితే చాలదు

అద్దకం మిల్లులో అందరికీ ఆవిడ వదినే. యజమాని ఆవిడకు సొంత మరిది. అతని నోటి నుంచి మొదలైన పిలుపు గేటు కాపలాదారు దాకా పాకింది. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పని రంగు సరిపోల్చడం. రెండు నీలాల మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తుంది. నది పవిత్రత మీద ఉపన్యాసాలంటే మాత్రం ఒళ్ళుమంట. "అందులో రంగు పోసేది మనమేగా, ముందు అది ఆపండి" అంటుంది.

ఈసారి ఆపకపోతే మిల్లు మూతే. వదిలే నీళ్ళలో రంగు ఉంటే పది రోజుల్లో తాళం వేస్తామని తనిఖీవాళ్ళు నోటీసు అంటించి పోయారు. మరిది పరిశోధనశాల నుంచి ఒక పొడి తెచ్చాడు: ఇనుము చేర్చి కాల్చిన ఖనిజం. నీళ్ళలో కలిపి ఎండ తగలనిస్తే రంగును ముక్కలుగా విరిచేస్తుందట. కలిపిన మూడు గంటలకే తొట్టి తేటపడింది.

"చూశావా వదినా! అద్దంలా ఉన్నాయి. ఇక వాళ్ళని మనమే టీకి పిలుద్దాం."

"నీళ్ళు సరే, పొడి సంగతేంటి? పొద్దున లేత పసుపు. ఇప్పుడు నీలం కొడుతోంది."

"తడిసింది కదా!"

"తడిస్తే ముదురుతుంది నాయనా, నీలం ఎక్కదు."

అడుగున పేరుకున్న పొడిని చెంచాడు తీసి, గాజు గ్లాసులో స్పిరిట్ పోసి కదిపింది. గ్లాసంతా నీలం. రంగు చావలేదు, పొడిని కరుచుకుని దాక్కుంది. మరిది గ్లాసు అందుకుని తిప్పి తిప్పి చూశాడు.

"మోసపోయామా?"

"పొడిని తిట్టకు. పైకి చూడు."

పైన టార్పాలిన్. మరిదికి శుభ్రం పిచ్చి. బట్ట మీద దుమ్ము పడకూడదని అద్దకం తొట్లన్నీ కప్పిస్తాడు. ఆ అలవాటుకొద్దీ దీన్నీ కప్పించేశాడు. ఎండతో చెయ్యాల్సిన పనిని చీకట్లో కూర్చోబెట్టి చెయ్యమన్నాడన్నమాట.

"నేనే కట్టించాను" నసిగాడు.

"అయితే నువ్వే విప్పు. నిచ్చెన నేను పట్టుకుంటాలే."

మర్నాడు లోతు తక్కువ తొట్టి, కొత్త పొడి, కలియబెడుతూ సాయంత్రం దాకా ఎండ. నీళ్ళు తేటపడ్డాయి. ఈసారి ఎవరూ మురిసిపోలేదు; అందరూ ఆవిడ చేతిలోని గ్లాసునే చూశారు. స్పిరిట్‌లో నీలం జాడే లేదు.

"ఇప్పుడు ఆ పరిశోధనశాలకే పరీక్షకి పంపు. రంగు పోయిందని నా కన్ను చెబుతుంది. విరిగిన ముక్కలేమయ్యాయో వాళ్ళ యంత్రం చెప్పాలి."

యంత్రమూ ఫర్వాలేదంది.

తనిఖీ రోజున అధికారి సీసా నింపుకుని, "తాగేలా ఉన్నాయే!" అన్నాడు.

"తాగకండి సార్. పొడిని కూడా కడిగి చూడండి" అంటూ ఆవిడ స్పిరిట్ సీసా అందించింది.

అడగని పరీక్షకు అతను కాస్త తెల్లబోయాడు. కడిగాడు. గ్లాసును వెలుతురుకెత్తి చాలాసేపు చూసి, సంతకం పెట్టడానికి కాగితం అడిగాడు.