చింతపండుతో తోమిన పతకం

2011. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డుకు రెండు సందుల లోపల నాకు పాత నాణేలు, పతకాల దుకాణం ఉండేది. బస్సులు లేవు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. షట్టర్ సగం దించుకునే కూర్చునేవాణ్ణి. కొనేవాళ్లు రాకపోయినా చూపించుకునేవాళ్లు మాత్రం వస్తూనే ఉండేవారు. బ్రిటిష్ కాలపు సైనిక పతకాలు అసలువో నకిలీవో తేల్చి కాగితం రాసివ్వడం నా పని.

అప్పటికి ఇరవై ఏళ్లుగా అదే పని. నిజం చెప్పొద్దూ, విసిగిపోయాను. వచ్చిన ప్రతి పతకం వెనకా ఒక తాత, ఒక యుద్ధం, ఒక తెల్లదొర మెచ్చుకోలు. చూస్తే చాలావరకు పోత పోసిన నకిలీలే. ‘మా తాత’ అన్న మాట చెవిన పడగానే నా మనసు తీర్పు చెప్పేసేది.

ఆ ఉదయం ఒక పెద్దాయన మీర్‌పేట్ నుంచి నడిచి వచ్చాడు. పేరు యాదయ్య, తాపీమేస్త్రీ. సొంతూరు నల్గొండ జిల్లాలో ఒక పల్లె. తువ్వాల మడత విప్పి, పాత వెండి రూపాయి కంటే కాస్త పెద్ద పతకాన్ని నా ముందు పెట్టాడు. ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రం మీద మనిషి. గుర్రం కాళ్ల సందుల్లో పూజ చేసిన పసుపు.

"మా తాత మల్లయ్యది సారూ. దొర గడీల వెట్టి చెయ్యలేక తెల్లోళ్ల పల్టన్లుండే లష్కర్‌కు ఉరికిండు. ఆడికెల్లి బస్రా లడాయికి పోయిండు. వాపస్ ఒచ్చినంక తెల్లోళ్లు గిది ఇచ్చిన్రు. దొరేమో ‘నా సందుగలకెల్లి దొంగిలించిండు’ అన్నడు. ఆ పేరు మాకు ఇప్పటికీ పోలే. మొన్న ఊర్ల దీక్ష టెంటు కాడ మాట మాట పెరిగింది. దొర మనుమడు నలుగుట్ల ‘దొంగ మల్లిగాని మనుమనివి, నువ్వు మాట్లాడేదేంది’ అన్నడు. మా తాతదేనని జర రాసియ్యుండ్రి."

మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్లకు ఇచ్చిన వార్ మెడల్ అది. అసలుది వెండిది. దాని అంచు మీద గ్రహీత నంబరు, పేరు, దళం అచ్చుకొట్టి ఉంటాయి. దాన్ని నేమింగ్ అంటాం. ఇది చూస్తే రాగిరంగులో ఉంది. అంచు నున్నగా ఉంది. నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇది నకిలీదండీ. అసలుది వెండితో చేస్తారు, అంచు మీద పేరుంటుంది. మీ తాతగారికి ఎవరో అంటగట్టి ఉంటారు."

"అయితే ఆయన బస్రా పోలేదంటరా?"

"అది నాకెలా తెలుస్తుందండీ? ఈ బిళ్ల మాత్రం సాక్ష్యం కాదు."

ఆయన తువ్వాల మళ్లీ మడిచాడు. "ఊరోళ్లు దొంగ అన్నరు. మీరు అబద్ధాలకోరు అంటున్నరు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. దించిన షట్టర్ కింద తల వంచుకుని వెళ్లిపోయాడు. భూతద్దం నా మోచేతి పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోనైనా లేదు నేను.

తర్వాత మూడు రోజులు బంద్. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఆ గుర్రం కాళ్లు గుర్తొచ్చాయి. పోత పోసిన నకిలీలో కాళ్లు మొద్దుబారి ఉంటాయి. దీని గిట్టలు విడివిడిగా, పదునుగా ఉన్నాయి. కన్ను చూసింది, మనసు పట్టించుకోలేదు. దుమ్ము దులిపి పాత కేటలాగ్ తీశాను. అందులో ఒక్క వాక్యం: సైనికులకు వెండి, లేబర్ కోర్‌కు కంచు. లేబర్ కోర్ అంటే యుద్ధంలో మూటలు మోసి, రోడ్లు వేసి, గోతులు తవ్విన కూలీల దళం. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో చదివిన వాక్యమే. అలాంటి పతకం ఎన్నడూ చేతికి రాక మరిచిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

స్కూటర్ తీశాను. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకాయన ఆపాడు. "ఏడికి వోతున్నవన్నా?"

"మీర్‌పేట్ వెళ్లాలండీ. ఒక పెద్దమనిషికి తప్పయిందని చెప్పుకోవాలి."

నా కోస్తా యాస విని ఎగాదిగా చూశాడు. "పో అన్నా, జల్ది పో" అంటూ అడ్డం పెట్టిన రాయి జరిపాడు.

అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాను. యాదయ్య కూర్చోమనలేదు. ఆయన భార్య సత్తెమ్మ కుర్చీ వేసింది. పతకం దేవుడి గూట్లో లేదు. "నకిలీది దేవుని కాడ ఎందుకని తీసేసిన" అంటూ అటక మీది డబ్బాలోంచి తెచ్చిచ్చాడు.

ఈసారి భూతద్దం పెట్టాను. రిబ్బన్ కట్టే కమ్మీని సస్పెండర్ అంటాం. అది అంచుకు అతుక్కున్నచోట, వేలు దూరని ఇరుకులో, అక్షరాలు మిగిలి ఉన్నాయి. ఒక పక్క నంబరు. రెండో పక్క దళం పేరు, లేబర్ కోర్. మధ్యలో ఉండాల్సిన మనిషి పేరు లేదు.

"ఇది అసలుదేనండీ. తప్పు నాది. కూలీల దళానికే ఈ లోహంతో ఇచ్చారు. దొరలకు ఇలాంటిది ఇవ్వరు, ఇచ్చినా వాళ్లు సందుగలో దాచుకోరు."

యాదయ్య గోడకు చేరగిలబడ్డాడు. "మరి పేరు?" అన్నాడు.

"అరిగిపోయింది."

"ఎట్ల అరిగె?"

సత్తెమ్మ నోరు విప్పింది. "ప్రతి దసరాకు నేనే తోమిన సారూ. చింతపండు, బూడిద ఏసి, అంచుల మురికి ఉంటదని గట్టిగ తోమిన. నాకంటే ముందు మా అత్త తోమింది." చేతులు కొంగులో దాచుకుంది. "అంత భక్తిగా చూసుకున్నారు కాబట్టే ఇంట్లో నిలిచిందమ్మా" అన్నాను. ఆమె తలెత్తలేదు.

కాగితం తీశాక అసలు ఇబ్బంది ఎదురైంది. "పేరు కనబడనిదే మల్లయ్య గారిదని రాయలేనండీ" అన్నాను. నా మాట నాకే చేదుగా ఉంది.

"తాత పేరు నాకెర్కే" అన్నాడు యాదయ్య. "దొరది కాదని రాయుండ్రి. సాలు."

అదే రాశాను. ఫలానా లోహం, ఫలానా దళం, కూలీకి ఇచ్చినది, ఏ జమీందారుకూ దొరకూ ఇచ్చినది కాదు. రెండుసార్లు చదివించుకుని, పతకాన్ని గూట్లో పెట్టి దండం పెట్టుకున్నాడు.

బస్సులు తిరగడం మొదలయ్యాక ఒకరోజు దుకాణానికి వచ్చాడు. "టెంటు కాడ సదివించిన సారూ. దొర మనుమడు బిళ్లను అటిటు తిప్పి చూసిండు. ఆడ పెట్టి లేసి పోయిండు."

"అయితే మీకు సంతోషమేగా?"

"సంతోషమేంది సారూ. తాత సచ్చి యాభై ఏండ్లాయె. దొంగన్న పేరుతోనే పాయె. గాయనకు ఎవరు చెప్తరు?"

ఈ పనిలో నాకిప్పటికీ విసుగు వస్తుంది. వచ్చిన రోజున ముందు భూతద్దం తీస్తాను, నోరు తర్వాత తెరుస్తాను. బతికినన్నాళ్లూ దొంగ అనిపించుకున్న మనిషిని, చచ్చాక నేను మూడు రోజులు అబద్ధాలకోరును చేశాను.