నీళ్ళు తాగే గుడ్డ

నగరిలో దొరస్వామి ముందు గుడ్డ గురించి నోరు విప్పి బాగుపడినవాడు లేడు. ఎదుటివాడి చొక్కాను రెండు వేళ్ళ మధ్య నలిపి, “ఇది కొన్నావా, ఎవురన్నా ఊరికే ఇచ్చినారా?” అని అడిగే రకం ఆయన. ఇంటి ముందుగదిలో రెండు మరమగ్గాలు. వాటిమీద నేసేది చీర కాదు, లుంగీ కాదు, ఆసుపత్రులకు పోయే పల్చటి కట్టుగుడ్డ. మద్రాసు వ్యాపారి వచ్చినప్పుడల్లా దొరస్వామి ఒక ముక్క చించి నీళ్ళ చెంబులో వేసేవాడు. అది తేలకుండా నేరుగా అడుక్కి పోయేది. “సూసినావా అప్పా, నీళ్ళు తాగే గుడ్డంటే ఇదీ!” అనేవాడు మీసం దువ్వుతూ.

పొద్దస్తమానం ఆ మగ్గాల మధ్య నిలబడి తిరగడమే ఆయన బతుకు. మరమగ్గానికి మోటారు ఉంటే ఉండవచ్చు, తెగిన పోగు అతకాలంటే మాత్రం మనిషి కాళ్ళమీద ఉండాల్సిందే. షుగరు వచ్చి పాదాలు మొద్దుబారినా ఆయన లెక్కచేయలేదు. ఒకరోజు మగ్గంనుంచి ఊడిపడిన మేకు అరికాల్లో దిగింది. నేలమీద నెత్తుటి అడుగులు చూసి భార్య కుప్పమ్మ అరిచేదాకా ఆయనకు తెలియనే లేదు. వారం తిరక్కుండానే కాలు వాచి చీము పట్టింది.

తిరుపతి ఆసుపత్రిలో చెడిన కండ కోసి శుభ్రం చేశారు. కాలు దక్కుతుందన్నారు. పుండుమీద మెత్తటి పట్టీ ఒకటి పెట్టి కట్టు కట్టి, ఇంటికి మరికొన్ని పట్టీలు ఇచ్చి పంపారు. వాటిని మార్చే పని ఊళ్ళోనే ఉండే నర్సు గ్రేసీకి అప్పజెప్పారు.

“దీంట్లో వెండి కలిపినారు తాతా,” అని విడమరిచి చెప్పింది గ్రేసీ. “వెండి క్రిముల్ని సంపుతాది. పట్టీ చీమును పీల్చుకోని బంకబంకగా అయితాది, నల్లబడతాది. బయపడొద్దు. నేనొచ్చి మార్చిందాకా దాన్ని ఇప్పొద్దు.”

ఆమె అటు పోగానే దొరస్వామి ఒక కొత్త పట్టీని కిటికీ వెలుగులో పైకెత్తి చూశాడు. పడుగు లేదు, పేక లేదు. దూదిని ఒత్తి అట్టలాగా చేశారు. ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ముప్పొద్దులా గుడ్డ నేసి ఆసుపత్రులకు పంపేవాడి కాలికి, నేతే లేని గుడ్డ కడతారా? పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి అంతకంటే వేరే కారణం అక్కర్లేదు. మరునాడే కట్టు విప్పాడు. పట్టీ నల్లగా, జిగటగా ఉంది.

“వెండి నల్లబడిందంటే ఒంట్లో విషమెక్కినట్టే,” అన్నాడు.

“అట్లే అయితాదని ఆ యమ్మ ముందే చెప్పింది కదయ్యా,” అంది కుప్పమ్మ.

“నీకేం తెలుసు గుడ్డ సంగతి? పోయి నీళ్ళు కాగబెట్టు.”

వేడినీళ్ళలో ఉడికించి ఎండలో ఆరబెట్టిన తన మగ్గం గుడ్డే కట్టుకున్నాడు. గ్రేసీకి మాత్రం, మేము తిరుపతికే పోయి మార్పించుకుంటున్నాం, నువ్వు శ్రమపడొద్దు అని కబురు పంపాడు.

రాత్రికి ఆ గుడ్డ పుండుమీద ఎండి అతుక్కునేది. పొద్దున్నే చర్రున పీకేవాడు. మొద్దుబారిన కాలు కాబట్టి నొప్పి లేదు. గుడ్డకు ఎర్రటి పీలికలు అంటుకుని వచ్చేవి. చూడవచ్చిన వాళ్ళకు దాన్ని చూపించి, “ఎంత మురికి లాగుతా ఉండాదో సూడండప్పా, నా గుడ్డ!” అని మురిసిపోయేవాడు. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలవా?

ఒకరోజు కుప్పమ్మే పోయి గ్రేసీని పిలుచుకొచ్చింది. వాళ్ళు గడప దాటేసరికి దొరస్వామి గుడ్డ పీకుతున్నాడు.

“ఆపు తాతా!” అని గ్రేసీ ఆ గుడ్డ లాక్కుంది. వెలుగులోకి పట్టి చూసింది. “ఇది మురికి కాదు తాతా. నీకు కొత్తగా పుట్టిన కండ. ఒళ్ళు రోజూ ఇంతింత కూడబెట్టుకుంటా ఉంటే, నువ్వు రోజూ పీకి పారేస్తా ఉండావు!”

అప్పటికే చీము ఎముకదాకా పోయింది. తిరుపతిలో మోకాలి కింద కాలు తీసేశారు.

ఇంటికి వచ్చాక పలకరించిన ప్రతివాడికీ దొరస్వామి ఒకటే మాట చెప్పాడు. “ఆసుపత్రోళ్ళు నల్లబంక పూసి నా కాలు కుళ్ళబెట్టినారప్పా.” కుప్పమ్మ వింటూ మగ్గం నడిపేది. వీధిలోవాళ్ళు గ్రేసీని పలకరించడం మానేశారు. ఆమె తల వంచుకుని పోతుంటే దొరస్వామికి సిగ్గేసేది. పిలిచి మాట్లాడాలనుకునేవాడు. కానీ కాలు ఎటూ పోయింది, గుడ్డ కూడా పోతే ఇక తన దగ్గర ఏముంది?

ఒకరోజు ఎదురింటి సుబ్రమణ్యం కుంటుతూ వచ్చాడు. అతనిదీ మగ్గమే, అతనిదీ షుగరే.

“అన్నా, నా కాలికీ అదే నల్లబంక పెట్టినారు. నీ మాట గ్యాపకమొచ్చి పొద్దున్నే పీకి పారేసినా. మా మగ్గంమీద లుంగీలే కదా, నీ గుడ్డ ఒక గజం ఇయ్యి.”

కుప్పమ్మ మగ్గాలు రెండూ ఆపేసింది.

“ఇయ్యను,” అన్నాడు దొరస్వామి.

“ఏందన్నా, గజం గుడ్డకేనా?”

“కండ ఊడొస్తాది రా.” మగ్గంవైపు చెయ్యి చూపించాడు. “నా కాలు తినింది ఆ పట్టీ కాదు, నా గుడ్డే. నా చేతులతో నేనే పీక్కున్నా. గ్రేసమ్మ కాళ్ళు పట్టుకోనైనా మళ్ళా కట్టించుకో, పో.”

సుబ్రమణ్యం మొహం మాడ్చుకున్నాడు. “నిన్నటిదాకా ఒక మాట, ఈ పొద్దు ఇంకో మాటా? ఇయ్యనంటే ఇయ్యనని చెప్పు, కతలెందుకు?”

దొరస్వామి లుంగీ పైకి లాగి తెగిన కాలు చూపించాడు. “సూడరా! సూడు!”

“సూస్తానే ఉండా కదన్నా. ఆసుపత్రోళ్ళు కుళ్ళబెట్టినారని నువ్వే కదా ఈదంతా చెప్పినావు.”

అతను వెళ్ళిపోయాడు. ఆ వీధిలో కట్టుగుడ్డకేం కరువు? పక్కింట్లో నేసేదీ అదే.

“పోయి చెప్పవే వానికి,” అన్నాడు దొరస్వామి.

“నా మాట నువ్వే ఇనలేదు, వాడింటాడా?” అంటూనే కుప్పమ్మ గ్రేసీ ఇంటివైపు పరుగెత్తింది.

మగ్గాలు ఆగి ఉండబట్టి, పక్కింట్లో గుడ్డ చర్రున చించిన చప్పుడు దొరస్వామికి బాగా వినిపించింది.